పన్నెండు యంత్రాలు, ఒక నడుము

మీ ఆఫీసుల్లో ఇప్పుడు చేతికి గడియారం కట్టుకుంటే అది మీ అడుగులు లెక్కపెడుతుందట, నిద్ర లెక్కపెడుతుందట, గంటసేపు కదలకపోతే మణికట్టు దగ్గర గిల్లుతుందట. సంతోషం, గిల్లించుకోండి. కానీ ఆ లెక్కలన్నీ పోగేసి ఎవరైనా పెద్దాయన మీ ఆరోగ్యం మీద ప్రేమతో ఒక రిపోర్టు అడిగితే, అది రాసే పని మాత్రం నాలాంటివాడికి అప్పగించకండి. నేను ఒకసారి రాశాను. అందులో ఒక్క వాక్యం ఎక్కువ రాశాను. ఆ వాక్యం వెళ్ళి ఒక మనిషి ఉద్యోగం మీద కూర్చుంది.

మాది బస్తర్‌లో తెలుగు సరిహద్దున ఉన్న కొంటా. మా నాన్నకి అక్కడ కిరాణా కొట్టు. నేను బస్తర్‌లోనే, గనుల పట్నం పక్కన ఉన్న ఒక విశ్వవిద్యాలయంలో సెక్షన్ ఆఫీసరుగా కుర్చీలు అరగదీసి, గడువుకి ముందే ఉద్యోగం మానేసి ఇంట్లో పడ్డాను. విశ్వవిద్యాలయం పేరు చెప్పను. చెబితే దానికి లేని పరువు పోతుంది.

అవి గనుల వైభవం వెలిగిపోతున్న రోజులు. కొండ తవ్వితే ఇనుము, ఇనుము అమ్మితే లాభం, లాభం మరీ ఎక్కువైతే సంక్షేమం. గనుల కంపెనీ లారీలు మా గేటు ముందు నుంచి రోజుకి లక్ష తిరిగేవి. సరే, రెండు వందలు. ఆ ధూళికి మా తెల్లచొక్కాలు, మా ఫైళ్ళు, క్యాంటీన్‌లో పెరుగు, అన్నీ ఇటుక రంగులో ఉండేవి. అలా మా ఊపిరితిత్తులకి రంగు వేసిన పుణ్యాత్ములే ఒక శుభోదయాన మాకు ప్రాణాయామం నేర్పిస్తామని ముందుకొచ్చారు. దానికి 'ఉద్యోగి స్వస్థతా కార్యక్రమం' అని పేరు. దాని నోడల్ ఆఫీసరుగా నన్ను వేశారు. ఆ మీటింగు రోజున నేను సెలవులో ఉన్నాను. అదే అర్హత.

మొదట యోగా పెట్టాం. పరీక్షల విభాగం సూపరింటెండెంటుగారు పద్మాసనం వేశారు, కానీ తీయలేకపోయారు. సివిల్ విభాగం నుంచి ఇద్దర్ని పిలిపించి, ఒకరు అటు, ఒకరు ఇటు పట్టుకుని విప్పాల్సి వచ్చింది. తర్వాత నవ్వుల సంఘం పెట్టాం. రోజూ పదిన్నరకి ఉద్యోగులంతా వరండాలో నిలబడి చేతులు పైకెత్తి పది నిమిషాలు హహహ అని నవ్వాలి. కిటికీ అవతల మార్కుల జాబితాల కోసం మూడు నెలలుగా తిరుగుతున్న విద్యార్థులు వరుసలో ఉండేవాళ్ళు. లోపల వాళ్ళ కాగితాలు పెట్టుకుని మేం ఎందుకు అంతలా నవ్వుతున్నామో వాళ్ళకి అర్థం కాలేదు. నాలుగో రోజున రాళ్ళు పడ్డాయి. నవ్వు ఆపేశాం.

అప్పుడొచ్చాయి అడుగుల యంత్రాలు. అగ్గిపెట్టెంత నల్ల డబ్బా, వెనక క్లిప్పు. నడుముకి తగిలించుకుంటే అడుగు వేసినప్పుడల్లా ఒక అంకె పెరుగుతుంది. హిందీలో అడుగుని కదమ్ అంటారు కాబట్టి మా వాళ్ళు దానికి 'కదమ్ మిషన్' అని పేరు పెట్టారు. మూడు నెలల పోటీ. ఎక్కువ నడిచిన విభాగానికి కంపెనీ వారి బహుమతి ఒక ట్రెడ్‌మిల్లు. అంటే బాగా నడిచినవాళ్ళకి ఇక ఎక్కడికీ పోకుండా నడిచే సౌకర్యం.

రెగ్యులర్ ఉద్యోగులకే ఈ మిషన్లు. రోజువారీ మనుషులకు లేవు. వాళ్ళు నడుస్తారు గానీ ఉద్యోగులు కారు. మేం ఉద్యోగులం గానీ నడవం.

మొదటి వారం లెక్కలు వచ్చాయి. ఎస్టాబ్లిష్‌మెంట్ విభాగం పెద్ద గుమాస్తా ఉండేవారు, నియామకాల ఫైళ్ళన్నీ ఆయనవే, అందరూ బడేబాబు అనేవాళ్ళు. ఆ మహానుభావుడు రోజుకి రెండు వందల అడుగులు వేశారు, అందులో సగం టిఫిన్ డబ్బా వైపు. ఆయన కుర్చీలోంచి లేస్తే కుర్చీ కూడా ఆయనతో పాటు లేచేది. మాలో మిగతావాళ్ళ అంకెలూ అంతే. గనుల కంపెనీ సంక్షేమాధికారి ఫోన్ చేసి, "ఇవి ఉద్యోగుల లెక్కలా, ఆస్పత్రి వార్డువా?" అని అడిగాడు. వైస్ ఛాన్సలర్‌గారు నన్ను పిలిచి, అంకెలు మెరుగుపడాలన్నారు. మనుషులు మెరుగుపడాలని ఆయన అనలేదు. అది గమనించండి.

ఇక్కడ ఫైళ్ళూ ఉత్తరాలూ మోసే మా డాక్ మనిషి గురించి చెప్పాలి. గొల్లపల్లి నుంచి వచ్చినవాడు. యాభై దాటాయి, వెదురు గడలా ఉంటాడు. మా ఆఫీసు మొత్తంలో తెలుగు వచ్చింది మా ఇద్దరికే. దోర్లీ, గోండీ, హల్బీ, హిందీ కూడా అతనికి నీళ్ళు తాగినంత తేలిక. నేను మామా అనేవాణ్ణి, అతను సారూ అనేవాడు. మా విశ్వవిద్యాలయం ఎవరో ఆకాశం నుంచి భవనాలు విసిరేసినట్టు ఉండేది. ఆఫీసు ఒక గుట్ట మీద, సైన్స్ బ్లాకు వాగుకి అవతల, పరీక్షల విభాగం ఒక పాత గోదాములో. మధ్యలో మూడు కుక్కల రాజ్యాలు. ఈ దూరమంతా మామ డాక్ సంచీ భుజాన వేసుకుని రోజుకి ఏడెనిమిది సార్లు తిరిగేవాడు. ఫైలు అందించి, డాక్ బుక్కులో సంతకం పెట్టించుకుని, మళ్ళీ నడక.

పంతొమ్మిదేళ్ళుగా అతనిది ఎనభై తొమ్మిది రోజుల ఉద్యోగం. తొంభై నిండితే ఏవో హక్కులు మొలుస్తాయని పెద్దల భయం. అందుకని ఎనభై తొమ్మిదో రోజు సాయంత్రం అయిదింటికి అతని కొలువు చచ్చిపోయేది. ఒక రోజు అశౌచం. ఆ మర్నాడు కొత్త ఆర్డరుతో పునర్జన్మ. అన్ని జన్మలెత్తినవాణ్ణి నేను పురాణాల్లో కూడా చదవలేదు.

ఆ రెండో వారంలో బడేబాబుకి జ్ఞానోదయమైంది. మామ సంచీ సర్దుకుంటుంటే పిలిచి, "అరే భయ్యా, ఎలాగూ సైన్స్ బ్లాకుకి పోతున్నావు కదా, నా మిషన్‌ని కూడా కాస్త తిప్పుకురా. పాపం, రోజంతా కూర్చుని దానికి నడుం పట్టేసింది" అన్నారు.

మర్నాటికి రెండు. ఆ వారాంతానికి పన్నెండు. మామ ప్యాంటు ఆ బరువుకి జారిపోతుంటే, ఫైళ్ళు కట్టే ఎర్ర నాడాలు మూడు పేని మొలకి బిగించుకుని, వాటికి వరసగా తగిలించుకున్నాడు. అతను వరండాలో నడిచొస్తుంటే తిరునాళ్ళకి అలంకరించిన ఎద్దు వస్తున్నట్టు ఉండేది.

"ఏంది మామా ఈ నగలు?" అన్నాను.

"ఏం జేయాలె సారూ. అందరు కాళ్ళు దెచ్చి నా మొలకు గట్టిండ్రు."

"బరువుగా ఉందా?"

"బరువేముంది? గని, నేను ఒంటికి పోయొస్తే పన్నెండు మందికి ఆరోగ్యమొస్తాంది."

నేను పడీపడీ నవ్వాను. ఆ పన్నెండింటిలో ఒకటి నాది. నోడల్ ఆఫీసరు అందరికీ ఆదర్శంగా ఉండాలి కదా. నన్నూ కలిపి పదకొండు మంది పేర్లు నాకు తెలుసు. "మరి పన్నెండోది ఎవరిది?" అని అడిగితే మామ తల అడ్డంగా ఊపాడు.

"గది జెప్పరాదు. ఇచ్చినోడు ఒట్టేయించుకున్నడు."

అంకెలు చూస్తే కళ్ళు చెదిరాయి. బడేబాబు రోజుకి పధ్నాలుగు వేల అడుగులు! ఆ లెక్కన ఆయన మూడు నెలల్లో హిమాలయాలకి వెళ్ళి, అక్కడ టీ తాగి, తిరిగి వచ్చి ఉండాలి. సంక్షేమాధికారి ఆనందపడ్డాడు, ఆ వెనకే అనుమానపడ్డాడు. కూర్చుని చేసే ఉద్యోగం చేస్తూ ఇంత ఎలా నడుస్తున్నారో వివరంగా రిపోర్టు పంపమన్నాడు.

నాకు అవకాశం చిక్కింది. మామూలు మనిషైతే 'ఉదయపు నడక వల్ల' అని రాసి ఊరుకునేవాడు. నా చెయ్యి ఊరుకోదు. ఎనిమిది పేజీలు రాశాను. అందులో మూడో పేజీలో ఉందా మహావాక్యం: 'మా ఉద్యోగులు తమ ఫైళ్ళను తామే చేతబట్టుకొని, ఒక విభాగం నుండి మరొక విభాగానికి ఉత్సాహంగా, పోటీపడి నడుస్తున్నారు.' రాశాక నాలుగుసార్లు చదువుకుని మురిశాను. వైస్ ఛాన్సలర్‌గారు దాని కింద ఎర్ర సిరాతో గీత గీశారు. మెచ్చుకోలు అనుకున్నాను.

పది రోజుల తర్వాత మామ నా బల్ల ముందుకి వచ్చి ఒక ఫైలు పెట్టాడు. అతని రెన్యువల్ ఫైలే. ఈసారి మార్జిన్లో వైస్ ఛాన్సలర్‌గారి చేతిరాత ఉంది. ఉద్యోగులే స్వయంగా ఫైళ్ళు తీసుకెళుతున్నారు కాబట్టి డాక్ మనిషి అవసరం లేదు, ఈ గడువుతో ఆపేయండి. పక్కనే రుజువుగా, నా రిపోర్టు మూడో పేజీ.

దాని మీద నేను చిన్న సంతకం పెట్టాలి. అక్కడి నుంచి రిజిస్ట్రారుగారి దగ్గరికి మామే మోసుకెళ్ళాలి. తన ఉద్యోగం తీసేసే ఫైలుని తనే మోస్తూ, మొలకి పన్నెండు మంది నడకని కట్టుకుని నా ఎదుట నిలబడ్డాడు.

"ఇదేం ఫైలో తెలుసా మామా?"

"పంతొమ్మిదేండ్ల సంది మోస్తున్న సారూ. ఎత్తంగనే తెలుస్తది. ఇది తేలిగ్గున్నది. మనిషిని తీసేసే ఫైళ్ళు ఎప్పుడూ తేలిగ్గుంటయ్."

నా మూడో పేజీని ఫైలు అడుగుకి తోశాను.

"బిడ్డ బీజాపూర్ల నర్సు ట్రైనింగుల ఉన్నది. ఇంకొక్క ఏడాదైతే అయిపోతది. గప్పటిదాంక నేను నడవాలె. గంతే" అన్నాడు. గొంతులో ఏడుపు లేదు. దారి అడిగినవాడికి దారి చెప్పినట్టు చెప్పాడు.

సంతకం రేపు పెడతానని ఫైలు పక్కన పెట్టి బడేబాబు దగ్గరికి పరిగెత్తాను. పరిగెత్తాను అన్నది అలంకారం. ఆయన వేరుశనక్కాయలు ఒలుస్తున్నారు.

"సాహబ్, ఆ మనిషి అవసరం ఉందని నేను రాస్తే మీ రిపోర్టు అబద్ధమవుతుంది. మీ రిపోర్టు అబద్ధమైతే నా పధ్నాలుగు వేలు ఏం కావాలి? బహుమతి రోజున మా బావమరుదులు కూడా వస్తున్నారు" అన్నారు. ఒక గింజ నాకూ ఇచ్చారు.

ఇంట్లో మా ఆవిడకి చెప్పాను. ఆవిడ గనుల టౌన్‌షిప్పులో పెరిగిన గోదావరి మనిషి. మాట మెత్తగా ఉంటుంది, లోపల మేకు ఉంటుంది.

"అయితే ఏవండీ, మీ మిషను కూడా ఆయన నడుముకే ఉందా?"

"ఊఁ."

"మరి నిరుడు మన గుమ్మం ముందున్న పాలప్యాకెట్టు తీయడానికి కూడా ఆయన్నే పిలవాల్సింది. పాపం, మీరు వంగారు."

ఆవిడ నా కంచంలో పప్పుని గరిటెతో కొట్టినట్టు వేసింది.

బహుమతి ప్రదానం సరిగ్గా మామ గడువులో ఎనభై తొమ్మిదో రోజున పడింది. సంతకం పెట్టని ఫైలు ఆ రోజు దాకా నా బల్ల మీదే తొక్కిపెట్టాను. అది నా ధైర్యం అనుకోకండి. ఫైలు తొక్కిపెట్టడం నాకు వచ్చిన ఒకే ఒక విద్య. కానీ తొక్కిపెట్టినా అయిదయ్యేసరికి గడువు దానంతట అదే చచ్చిపోతుంది. పొద్దున్నే మామని పిలిచి ఫైలు అతని సంచీలోనే పెట్టి, "ఇది ఇవాళ నీ దగ్గరే ఉంచు" అన్నాను. ఎందుకన్నానో నాకే తెలియదు.

హాల్లో వేదిక మీద ట్రెడ్‌మిల్లు. దానికి బంతిపూల దండ, కుంకుమ బొట్టు, ముందు కొబ్బరికాయ. సంక్షేమాధికారి ఒక షరతు పెట్టాడు. అందరూ తమ తమ మిషన్లు చొక్కా మీద కనపడేలా తగిలించుకుని రావాలి, ఫొటోలకి.

మిషన్లన్నీ మామ మొల మీద ఉన్నాయి.

వరండాలో జరిగింది నేను హాలు తలుపు సందులోంచి చూశాను. పది మంది గెజిటెడ్, నాన్ గెజిటెడ్ ఉద్యోగులు ఒక బక్కమనిషి నడుము మీద పడ్డారు. ఏది ఎవరిదో రాసిన చీటీలన్నీ మూడు నెలల చెమటకి ఊడిపోయాయి. "నాది గీత పడింది!" "అరే, అది నాది, చూడు పధ్నాలుగు వేలు!" "అన్నీ పధ్నాలుగు వేలే బాబూ!" పరీక్షల సూపరింటెండెంటుగారు క్లిప్పుతో పాటు ప్యాంటు గుడ్డ కూడా ఇంత చింపుకుపోయారు. మామ చేతులు రెండూ పైకెత్తి నిలబడ్డాడు, తనిఖీలో నిలబెట్టిన మనిషిలా.

పది పోయాయి. నాది నేను తీసుకోలేదు, తలుపు సందు దగ్గరే ఉండిపోయాను. అందుకని రెండు మిగిలాయి.

సభ మొదలైంది. వైస్ ఛాన్సలర్‌గారి మెడలో పెద్ద దండ. ప్రథమ విజేతగా బడేబాబు పేరు పిలిచారు. బావమరుదులు చప్పట్లు కొట్టారు. అంతటితో ఆగితే బాగుండేది. సంక్షేమాధికారి ఉత్సాహపడి, "ఛాంపియన్‌గారు ఈ యంత్రాన్ని అయిదు నిమిషాలు నడిచి ప్రారంభిస్తారు" అన్నాడు.

బడేబాబు ఎక్కారు. పట్టీ కదిలింది. ఆయన కాళ్ళు ఆగిపోయి, పట్టీతో పాటు ఆయన మొత్తంగా, గంభీరంగా, ఖనిజం రైలు షంటింగులో వెనక్కి వెళ్ళినట్టు వెనక్కి వెళ్ళి వేదిక అంచున ఇద్దరు ప్రొఫెసర్ల ఒడిలో ఆగారు. రెండోసారి ఎక్కించారు. ఈసారి ఇరవై అడుగులు. ముఖం కందిపోయింది, నీళ్ళు అడిగారు. బావమరుదులు నేల చూశారు.

"రోజుకి పధ్నాలుగు వేలు నడిచే మనిషి..." అని సంక్షేమాధికారి ఆగి, నా రిపోర్టు తీశాడు. హాలంతా నా వైపు తిరిగింది. వైస్ ఛాన్సలర్‌గారు, "నోడల్ ఆఫీసర్, వివరించండి" అన్నారు. ఆ చూపులో 'వివరించావో చూడు' అని కూడా ఉంది.

లేచాను. రాత్రంతా తయారుచేసుకున్న ఉపన్యాసం ఎటో పోయింది. నోట్లోంచి వచ్చింది ఇదీ:

"సర్, అడుగులు నిజమే. మనుషులే తప్పు."

గుమ్మం దగ్గర నిలబడ్డ మామని లోపలికి రమ్మన్నాను. చిరిగిన ప్యాంటు, ఎర్ర నాడాల మొలతాడు, దానికి రెండు మిషన్లు.

"మేమంతా ఈయన నడుముకి తగిలించాం సర్. ఇదిగో, ఇది నాది. మూడో పేజీలో నేను రాసింది పచ్చి అబద్ధం. ఇక్కడ ఫైలు పట్టుకుని నడిచేది ఈయనొక్కడే."

బడేబాబు వేరుశనక్కాయ మింగినట్టు గుటక వేశారు. సంక్షేమాధికారి వంగి చూసి, "మరి ఈ రెండోది?" అని హిందీలో మామని అడిగాడు.

మామ నా వైపు తిరిగి, నింపాదిగా, తెలుగులో అన్నాడు:

"గిది పెద్దసారుది. ఆయన డ్రైవరు దెచ్చి గట్టిండు. ఇగ ఏం జెప్తవో నువ్వే జెప్పు."

వేదిక మీద చూశాను. అందరి చొక్కాల మీదా మిషన్లున్నాయి. వైస్ ఛాన్సలర్‌గారి చొక్కా మాత్రం బంతిపూల వెనక దాక్కుని ఉంది. వరండాలో ఆ కుమ్ములాటలోకి ఆయన దిగలేరు కదా.

"ఏమంటున్నాడు?" అన్నారు ఆయన. కొంచెం తొందరగానే అన్నారు.

ఆయుష్షులో నేను చేసిన అనువాదం ఇదొక్కటే. గొంతు సవరించుకున్నాను.

"ఇది ఎవరిదో మర్చిపోయాడట సర్. ఇవాళ అయిదింటికి ఆయన ఆర్డరు అయిపోతోంది. ఆ తర్వాత ఊరికి పోయి తీరిగ్గా కూర్చుంటే గుర్తొస్తుందేమో, అప్పుడు వచ్చి అందరి ముందూ చెబుతానంటున్నాడు."

వైస్ ఛాన్సలర్‌గారు దండ సర్దుకున్నారు. కొబ్బరికాయని చూశారు. ట్రెడ్‌మిల్లుని చూశారు. పెద్దమనుషులకి విషయం అర్థం కావడానికి ఎక్కువ సమయం పట్టదు, అర్థం కానట్టు కనపడటానికే పడుతుంది.

"ఆ రెన్యువల్ ఫైలు ఎక్కడ?"

మామ సంచీలోంచి తీసి ఇచ్చాడు. ట్రెడ్‌మిల్లు పిడి మీద పెట్టుకుని, తన పాత నోటు కొట్టేసి, కింద రాశారు: స్వస్థతా కార్యక్రమం విస్తృతి దృష్ట్యా డాక్ సేవలు అత్యవసరం, కొనసాగించండి. సంక్షేమాధికారి ముగ్ధుడై, "అక్కడికక్కడే నిర్ణయం!" అని ఫొటో తీశాడు. ఆ ఫొటో కంపెనీ పత్రికలో వచ్చింది. అందులో మామ మోచెయ్యి ఒకటి పడింది.

ఎనభై తొమ్మిది రోజులే, మళ్ళీ. పర్మనెంటు చేశారని రాద్దామని నా చెయ్యి దురద పెడుతోంది, కానీ చెయ్యలేదు. బిడ్డ చదువు అయ్యేదాకా ఇంకో నాలుగు జన్మలు ఎత్తాడు. పోటీ రద్దయింది. నాకో మెమో వచ్చింది, దాన్ని మామే తెచ్చి ఇచ్చి సంతకం పెట్టించుకున్నాడు. ట్రెడ్‌మిల్లు రిజిస్ట్రారుగారి వరండాలో నిలబడి, వానాకాలంలో గొడుగులు ఆరేసుకోవడానికి ఇప్పటికీ ఉపయోగపడుతోందని విన్నాను.

ఆ సాయంత్రం అయిదయ్యాక, డ్రైవరు వచ్చి పెద్దసారు మిషను పట్టుకుపోయాక, సైకిలు స్టాండు దగ్గర మామని నిలదీశాను.

"నీకు హిందీ నాకంటే బాగా వచ్చు కదా మామా. ఆయనకి హిందీలోనే చెప్పొచ్చుగా? నన్నెందుకు ఇరికించావు?"

"హిందీల జెప్తే నా కొలువు నా నోటితోనే పోతుండె. తెలుగుల జెప్తే నీ నోటి కాడ ఆగుతది." నాడా ముడి విప్పుతూ అన్నాడు. "రాసినోనివి నువ్వు. దిద్దుడు గూడ నువ్వే దిద్దాలె గద సారూ."

మొల మీద మిగిలిన చివరి మిషను తీసి, మీట నొక్కి అంకెలన్నీ చెరిపేసి, నా చేతిలో పెట్టాడు.

"సున్న జేసిన. ఇగ నీది నువ్వే మొయ్."

నడుముకి తగిలించుకుని గేటు దాకా నడిచాను. ఆగి చూసుకున్నాను. మూడు వందల పన్నెండు అడుగులు. ఇంతసేపూ మీకు చెప్పినదాంట్లో నేను పెంచని అంకె అదొక్కటే.